అవ్వ హారతి పట్టిన ఇమానం

మా చిన్నప్పుడు మా ఇంట్ల ఒక ఇమానం ఉండేది... నవ్వకున్రి, నిజంగనే! జడ్చర్ల అవతల మా ఊర్ల సైకిలు ఉన్న ఇండ్లే తక్కువ. మా గోడ గూట్ల మాత్రం ఇమానం ఉండేది. జానెడంత.

అది ప్లాస్టికుది. మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు, మిలిటరీల ఇమానాల మిస్త్రీ. ఎండకాలం సెలవుకు వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్లె పెట్టిండు. మూత తీస్తే ఇమానం లేదు... చింతకొమ్మకు కాయలు యాలాడినట్టు, ఒక సన్నటి చట్రానికి అన్నీ ముక్కలే! నాకు ఏడుపొచ్చింది. "ఇరిగిపోయింది తెచ్చినవా చిన్నాయనా?" అన్న.

ఆయన పడీ పడీ నవ్విండు. "ఇరగలె బిడ్డా, ఇంకా పుట్టలె. నువ్వే పుట్టియ్యాలె" అన్నడు.

సెలవు అయిపోయి ఆయన పోయిండు. ఇగ నేను, మా అవ్వ, అంటే బాపును, చిన్నాయనను కన్నతల్లి, మొదలువెట్టినం. ముక్కలు ఎట్ల అతకాల్నో పెట్టెల ఒక కాయితం ఉండె, దాని మీది ఇంగ్లీషు మాకెవలికీ రాదాయె... బొమ్మలు, నంబర్లు చూసుకుంట పోయినం. బాపు గడ్డం గీసుకునే బ్లేడుతోటి ముక్కలు కోసుడు నా పని. బంక పెట్టినంక ఆరేదాంక ఒత్తి పట్టుకునుడు అవ్వ పని. "గీ వాసనకు తలకాయ తిరుగుతాందే పోరీ" అని తిట్టుకుంటనే, రెండు ముక్కలు అరచేతుల నడుమ పట్టుకొని కదలకుండ కూసునేది. కొడుకు చెయ్యి పట్టుకున్నంత సంబురం ఆమెకు.

ఇమానం తయారై గూట్లకు ఎక్కిందో లేదో, గంతల్నే పాకిస్తాన్ తోటి లడాయి వచ్చింది. పటేలు ఇంట్ల రేడియో కాడ ఊరంతా జమైతుండె. ఇమానాలు కొట్లాడుతున్నయని చెప్పినప్పుడల్లా అవ్వ చెవులు మూసుకునేది. కొన్నాళ్లకు లడాయి ఆగిందన్నరు గానీ... చిన్నాయన కాడికెల్లి కార్డు ముక్క రాలె.

దసరా వచ్చింది. దసరా నాడు మా తాన పనిముట్లకు మొక్కుతరు. నాగలి, గొడ్డలి, కొడవండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరుసగ పెడుతరు. అవ్వ గూట్లకెల్లి ఇమానం తీస్కొచ్చి వాటి నడుమ పెట్టింది. "అందరి పనిముట్లకు పెడుతున్నం, నా కొడుకు పనిముట్టుకు పెట్టొద్దా?" అన్నది. రెక్కలకు పసుపు, ముక్కుకు కుంకుమ... కన్నపేగు గదా, గంతటితోటి ఆగలె. దిష్టంతా పోవాలని తమలపాకు మీద కర్పూరం ముట్టిచ్చి, రెక్క కిందనే పెట్టి, కండ్లు మూసుకొని మొక్కుతాంది.

నేను చూసేసరికి రెక్క వాడిపోయిన ఆకు లెక్క కిందికి యాలాడుతాంది. "అవ్వా! రెక్క!" అని మొత్తుకున్న.

అవ్వ కండ్లు తెరిచింది. ఆ మొఖం నేను ఇప్పటికీ మరువలె. నేనేమో ఇమానం పాడైందని ఏడుస్తున్న... ఆమె ఏడుపు వేరే. "నా చేతులతోటే నా కొడుకు రెక్క కాలవెడితినే..." అని గోడకు ఆనుకొని కూలవడ్డది. అపశకునం అనుకున్నది. "ప్లాస్టికు వేడికి వంగుతదే అమ్మా, దానికీ తమ్మునికీ ఏం సంబంధం?" అని బాపు ఎంత చెప్పినా ఇనలె. జమ్మికి రాలె, పాలపిట్టను చూడ రాలె. ఆనాటి నుండి రోజూ ఒక్కపొద్దే. కొడుకును కండ్ల చూసేదాంక రాత్రి బువ్వ ముట్టనన్నది.

పల్లికాయ పీకే రోజులల్ల, ఒక పగటీలి, నెత్తి మీద రేకుపెట్టె పెట్టుకొని చిన్నాయన రానే వచ్చిండు!

అవ్వ ఉరికింది. ఎట్లున్నవు బిడ్డా అని గూడ అడగలె. ఆయన భుజాలు, చేతులు తడిమి తడిమి చూసింది. "నీ రెక్క నేనే వంచిన కొడకా... నీకేమన్న అయ్యిందా?" అన్నది. పాపం, ఆయనకు ఏం సమజ్ కాలె. నేనే లోపలికి ఉరికి ఇమానం తెచ్చి చూపెట్టిన, అయిందంతా చెప్పిన.

నవ్వుతడనుకున్న. నవ్వలె. రెక్క మీది పసుపును ఏలితోటి తాకిండు. "మా కాడ రెక్కలు రోజూ వంగుతయమ్మా... వంగినయి సక్క చేసుడే నా నౌకరి" అన్నడు. గిన్నెల సలసల మరిగే నీళ్లు తెప్పిచ్చి, రెక్కను అండ్ల ముంచి, మెత్తవడంగనే తీసి అవ్వ చేతులల్ల పెట్టిండు. "నువ్వే సక్క చెయ్యి. జర మెల్లగ..."

అవ్వ రెక్కను రెండు అరచేతుల నడుమ పట్టుకున్నది. ఆ చేతుల మీద ఆయన చేతులు పెట్టిండు. రెక్క లేసింది... పూర తిన్నగ కాలె గానీ, లేసింది. ఆ రాత్రి అవ్వ కొడుకు పక్కన కూసోని కడుపునిండ తిన్నది. "నేను మొత్తుకుంటె ఇనలె, చిన్నకొడుకు చెప్తే ఇన్నది సూడు!" అని బాపు పరాచికాలాడిండు.

అప్పటి నుండి అవ్వకు ఒక అలవాటైంది. ఆకాశంల ఇమానం సప్పుడైతె చాలు, చేతిల ఏ పనున్నా ఇడిచిపెట్టి వాకిట్లకు వచ్చేది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని "సల్లంగ పోయిరా బిడ్డా" అనేది. "అండ్ల ఎవలున్నరో నీకేం తెలుసు అవ్వా?" అంటే, "ఎవలైతేందే... ఎవలో ఒకలు కన్న బిడ్డనే గదా" అనేది. గసోంటి అవ్వ చేతుల పెరిగిన, అంతకన్న ఏం గావాలె నాకు?

ఇప్పుడు మా ఊరి మీదికెల్లి పొద్దంత ఇమానాలు పోతనే ఉంటయి. ఒక్కరు తలెత్తరు. మొఖం తెల్వనోళ్లను గూడ గిట్ల దీవించినోళ్లు మీ ఇంట్ల ఉండిన్రా? ఉంటె జర రాయున్రి, సదువుకుంట.

మొన్న నేను గూడ మొదటిసారి ఇమానం ఎక్కిన. అది నేల ఇడుస్తుంటె కిటికీలకెల్లి కిందికి చూసిన... ఎన్ని వాకిండ్లో! అన్నీ ఖాళీగనే ఉన్నయి.