టవరెక్కిన సొరతీగ

ఆ రోజుల్లో ఇంజనీరంటే నలుగురికి పనులు పురమాయించేవాడని నా నమ్మకం. డిప్లొమా అయ్యాక దొరికిన మొదటి కొలువులో మాత్రం బెళుగుప్ప అనే ఊరి పక్కన ఒక అవ్వ చేనులో పైపు చేతికిచ్చి, కాంక్రీటుకు నీళ్లు పోయమన్నారు. గాలిమరల కరెంటు మోసే టవరుకు వేసిన పునాదులు అవి. గట్టిపడాలంటే రోజూ తడపాలి. (ఇంట్లో ‘సైటంతా నా చేతిమీదే’ అని చెప్పుకున్నాను.) వానలు మొహం చాటేసిన ఏడాది. ఊరంతా బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటే నేను రాళ్లకు స్నానం చేయిస్తున్నాను. “ఏమప్పా, ఎండకు మతి పోయిందా? అది మొలుస్తాదా, కాస్తాదా?” అనేది అవ్వ. సిగ్గుతో తల ఎత్తలేకపోయేవాణ్ణి.

టవరు లేచాక ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. “ఇంత ఇనుము తెచ్చి అంతా కంతలే పెట్టినారే!” గాలి అడ్డం లేకుండా పోవాలవ్వా, బరువూ తగ్గుతుంది, ఎక్కడైనా ఇలా అల్లినట్టే కడతారు అని పాఠం చెప్పాను. ఆమె కిందినుంచి పైదాకా చూసి, “అట్లయితే ఇది పందిరే కదా” అని తేల్చేసింది. నేను తడిపిన చోట అప్పటికే సొరగింజలు పెట్టేసిందట! తర్వాత తనే చెంబుడు చెంబుడు పోసుకుంటూ తీగను టవరు కాళ్లమీదికి పాకించింది. (ఇంకా కరెంటు తీగలు లాగలేదు కాబట్టి సరిపోయింది.) కాయలు కూడా దిగాయి.

అంతలో, పునాదులకని కంపెనీ పంపిన ట్యాంకరు నీళ్లు నేను బయట అమ్ముకున్నానని ఎవరో చెప్పారట, పెద్దసారు విచారణకు వస్తున్నాడన్నారు. తేడా వస్తే ఉద్యోగం ఊడినట్టే. దానికి తోడు ఈ తీగ! పీకెయ్యమని అవ్వను బతిమాలాను. “కాయ లేతగా ఉండాది, పీకను పో” అంది. సారు రానే వచ్చాడు, సొరకాయల్ని చూశాడు, నన్ను చూశాడు. “నీళ్లు పోశావా లేదా?” అన్నాడు. అవ్వే అడ్డమొచ్చింది. “ఏం సారూ, ఈ చుట్టుపక్కల యాడన్నా పచ్చనాకు ఉండాదా? ఈడ తప్ప! ఈ పిల్లోడు పోయకుంటే నా సొరకాయలు యాడనుంచి వచ్చినాయి?” సారు పకపకా నవ్వి, కాయలు కోసుకున్నాక తీగ తీసెయ్యమన్నాడు. వెళ్లేటప్పుడు అవ్వ ఆయన జీపులో ఒక కాయ పడేసింది.

ఇప్పుడు మేం కాంక్రీటు మీద తడి ఆరకుండా ఏదో మందు కొట్టి వెళ్లిపోతున్నాం, ట్యాంకరుతో పనే లేదు. నా మాటకూ ఆఫీసులో విలువుంది. కానీ నా తరఫున అంత గట్టిగా మాట్లాడినవాళ్లు ఆ తర్వాత ఎవరూ దొరకలేదు. ఎండకు నల్లబడి, నోట మాట రాక నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి అదృష్టం చూస్తే కాస్త కుళ్లు కూడా పుడుతుంది.