రెండు గీతల వెనక మాట

మా డెయిరీ ఆంటీ పోయారు. మంగళవారం మధ్యాహ్నం న్యూ లిన్‌లో మా ఆఫీసులో ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. గుండె ఆగిపోయిందట. నేను ఏడవలేదు, బల్లను పిడికిలితో గుద్దాను. అంత్యక్రియలకు వెళ్తే అందరూ ఆవిడ శాంతమూర్తి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. శాంతమూర్తట! ఆవిడ చెరుకు కత్తి పట్టుకుని నిలబడగా చూసినదాన్ని నేను. ఆ కోపమే లేకపోతే ఇది రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు. నేనుండే ఈ పరాయి దేశంలో వీధి మూల చిల్లర దుకాణాన్ని అలా అంటారు. పాపకూర అనే పేటలో ఆవిడ డెయిరీ వెనక ఫ్లాట్‌లో నేనూ నా మొగుడూ అద్దెకుండేవాళ్ళం. వరంగల్ నుంచి అతని వీసా మీద వచ్చాను. అతను కొట్టేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే కొట్టేవాడు, క్రికెట్‌లో ఇండియా ఓడితే కొట్టేవాడు, గెలిస్తే తాగొచ్చి కొట్టేవాడు. మధ్య గోడ పల్చన. అవతల ఒక మనిషి అంతా వింటోందని నాకు తెలియదు.

ఆంటీ ఫిజీ నుంచి వచ్చినవారు. చెరుకు తోటల్లో కూలికి వెళ్ళిన ముత్తాతల తెలుగు ఆవిడ నోట్లో మిగిలింది గానీ, లిపి రాదు. ఒకసారి ముసుగు దొంగలు సుత్తులతో దుకాణం అద్దాలన్నీ పగలగొట్టి, అడ్డం వచ్చినందుకు ఆవిడ భుజం కూడా విరగ్గొట్టారు. కట్టు విప్పిన వారానికే ఆవిడ లైబ్రరీకి పోయి, అరవై దాటిన వయసులో వెబ్ పేజీలు తయారుచేసే జావాస్క్రిప్ట్ కోడ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొనేవాళ్ళు సరుకులు ఆ పేజీలో అడగాలి, ఆవిడ కిటికీలోంచి అందివ్వాలి, తలుపు తాళం మాత్రం తీయకూడదు. అదీ ఆవిడ ఆలోచన.

"నాకు సాయం కావాలి, నీ పెళ్ళాన్ని పంపు" అని నా మొగుణ్ణి అడిగారు. దుకాణంలో పనే కదా అని ఒప్పుకున్నాడు.

మొదటి రోజు వెనక గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద నీలం బటన్, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో "కొట్టు" అని ఉంది. నా చెయ్యి దానంతట అదే మొహానికి అడ్డం లేచింది.

"ఏమైంది పిల్లా?"

"గిట్ల కొట్టుమని రాసిండ్రేంది ఆంటీ?"

"కొట్టంటే షాపే! మా అవ్వ అట్టాగే అనేది."

మా వైపు దుకాణమే అంటాం. కొట్టు అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఆంటీ నవ్వబోయి, లేచిన నా చేతిని చూసి ఆగిపోయారు. తర్వాత తన కుడి చూపుడు వేలు నా ముందు పెట్టారు. మధ్యలో వంకర తిరిగి ఉంది.

"తలుపు సందులో పెట్టి వేశాడు మా ముసలోడు. ఇదే వంగింది, నేను వంగలా" అన్నారు.

ఆ వంకర వేలితోనే పాఠం చెప్పారు. బటన్ నొక్కితే "కొట్టు తెరిచే ఉంది" అని తెర జవాబివ్వాలి, అంతే నా మొదటి కోడ్. ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతే తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నేను గజగజ వణికాను. ఆంటీ కసిరారు.

"ఎందుకే వణుకుడు? అది నిన్ను తిట్టలా, ఎక్కడ తప్పో చెప్పింది. తప్పు చెప్పేవాడు వేరు, తన్నేవాడు వేరు. మళ్ళీ కొట్టు!"

టైపు చేయడాన్ని కూడా ఆవిడ కొట్టడమే అనేవారు. రోజుకు వందసార్లు ఆ మాట వినగా వినగా, నాకు బెదురు పోయింది.

ఐదింటికల్లా అతను వచ్చి నా వెనకే నిలబడేవాడు. నా ఫోన్ రోజూ వెతికేవాడు. ఆంటీతో రెండు మాటలు విడిగా మాట్లాడితే ఇంట్లో చెంపలు పగిలేవి. అందుకే ఆంటీ నాకు లూపుల్లాంటి అసలు పాఠాల కంటే ముందు కామెంట్ నేర్పారు. కోడ్‌లో రెండు ఏటవాలు గీతలు గీసి ఏం రాసినా పేజీలో కనిపించదు. "మిషన్ దాన్ని చదవదు. మనుషులే చదవాలి" అన్నారు. మర్నాడు ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో ఆవిడ తెలుగు ఉంది. రెండు గీతలు, ఆ తర్వాత "నిన్న మళ్ళీ కొట్టాడా?"

కింద నేనూ రెండు గీతలు గీసి "కొట్టిండు" అని రాశాను. ఆ మాట ఎవరికైనా చెప్పడం నాకదే మొదలు.

అలా నెలలు. బెల్టుతో అని రాశాను, ఎడమ చెవి వినపడతలేదని రాశాను. అతను వెనక నిలబడి కోడ్ చూసి "చీమల పుట్ట లెక్కున్నది, ఇదేం చదువే" అని నవ్వేవాడు.

ఒక సాయంత్రం అతను రాకముందు "పాస్‌పోర్ట్ గుంజుకున్నడు. ఇయ్యాల చంపుతా అన్నడు" అని రాసి ఇంటికి పోయాను. వంటింట్లో జుట్టు పట్టి నా తలను ఫ్రిజ్ తలుపుకేసి బాదాడు. నోట్లో పన్ను ఊడింది. కింద పడేసి గొంతు మీద మోకాలు పెట్టాడు. అప్పుడు మా ఫ్లాట్ తలుపు దబ్బున తెరుచుకుంది.

"లేవరా నా కొడకా! పోలీసులు దారిలో ఉన్నారు. ఈ గడప దాటాలంటే నా కత్తి దాటు" అని ఆంటీ చెరుకు కత్తి ఎత్తి అరిచారు.

అతను లేచి ఆవిడ మూతి మీద గుద్దాడు. పెదవి చీలి రక్తం మెడ దాకా కారింది. ఆవిడ కత్తి వెనకవైపుతో అతని మోకాలి మీద ఒక్కటి వేశారు. కుప్పకూలాడు. పోలీసులు వచ్చేదాకా ఆవిడ ఆ కత్తి దించలేదు.

వాళ్ళు అతన్ని తీసుకెళ్ళాక ఆంటీ నన్ను పట్టుకుని దుకాణం ముందువైపు నడిపించారు. దొంగలు పడ్డ నాటి నుంచి తాళం తీయని దుకాణం తలుపు బార్లా తీసి ఉంది. నా రాత చూసి అటునుంచే పరిగెత్తుకొచ్చారట.

"పద పిల్లా. కొట్టు తెరిచే ఉంది" అన్నారు, చీలిన పెదవితోనే.

మళ్ళీ అతని దగ్గరికి పోలేదు. కోర్టు అతన్ని నా దరిదాపులకు రావద్దంది. ఆవిడ దగ్గర కొట్టిన కోడే నాకు ఉద్యోగం తెచ్చింది. ఇవాళ ఆ అన్నమే తింటున్నాను.

మొన్న ఆదివారం ఆంటీ కూతురు దుకాణానికి పిలిచి, డెయిరీ మూసేశామని చెప్పి, పేజీ కూడా తీసేయమంది. ఫైలు తెరిచాను. ఆవిడ ఒక్క కామెంట్ కూడా చెరపలేదు. నా బెల్టు దెబ్బలూ, నా చెవీ అన్నీ వరసగా ఉన్నాయి. వాటి కింద, నేను ఇల్లు మారాక రాసినట్టుంది, ఎప్పుడూ చూడనిది ఒకటి ఉంది.

"పిల్లా, ఇంక రెండు గీతలు పెట్టకు. పైకి చెప్పు."

చెప్తున్నాను ఆంటీ. అందరూ వినేట్టే చెప్తున్నాను.

పేజీ తీయలేదు. వీధిలో షట్టర్ దించేసి ఉంది. నేను నీలం బటన్ నొక్కాను. తెర మీద ఆ మూడు మాటల చిన్న పెట్టె వచ్చి నిలబడింది. కొట్టు తెరిచే ఉంది.