కత్తిరించిన ఫొటో

అపీలు కాగితాలు నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఏమీ లేదండీ, వదిలేయండి" అన్నాడు కింది కోర్టులో ఆ కేసు వాదించిన వకీలు. ఎవరైనా వదిలేయమంటే గట్టిగా పట్టుకునే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నల్లగొండలో నేను ప్రాక్టీసు పెట్టి అప్పటికి మూడేళ్లు. చిట్యాల అవతల ఒక ఊళ్లో షావుకారు ఇంటికి కన్నం పడింది. పక్క ఊరి గొర్ల కాపరికి రెండేళ్ల జైలు వేశారు. దొంగసొత్తు ఒక్క గిన్నె కూడా దొరకలేదు. ఉన్న సాక్ష్యమల్లా షావుకారు ఠాణాలో ఒక ఫొటో చూసి చెప్పిన మాట.

"గీడే. గీ మీసాలు, గీ గిరజాల జుట్టు లాంతరు ఎలుగుల మంచిగ చూసిన."

ఆ ఫొటో ఫైల్లోనే ఉంది. ఒక పక్క కత్తెరతో కోసేశారు. కోసిన అంచున కుర్చీ చెయ్యి, దాని మీద ముసలి వేళ్లు నాలుగు మిగిలాయి. జైలుకు వెళ్లి, ఆ వేళ్లు ఎవరివని కాపరిని అడిగాను.

"మా బాపుయి, సారు. జాతరల ఇద్దరం దిగినం. ఇల్లు సోదా జేసినప్పుడు గోడ మీదికెళ్లి తీస్కపోయిన్రు."

"మీ బాపు ఏడున్నడు?"

"సచ్చిపోయిండు. దినాలైన నాలుగో రోజే నన్ను పట్కపోయిన్రు."

నా నెత్తిన ఎవరో మొట్టికాయ వేసినట్టయింది. తండ్రి దినాలకు కొడుకు తలా మీసం తీయించుకుంటాడు కదా.

"అంటే కన్నం పడ్డనాడు నీకు గుండేనా? మరి కోర్టుల ఎందుకు చెప్పలే?"

తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. "పట్కపోయినోళ్లకు నా గుండు కానరాలేదా సారు? కండ్లతోటి చూసినోళ్లకు మళ్ల నేనేం జెప్పాలె?"

నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు. విచారణ నాటికి జుట్టు పెరిగింది, మీసం వచ్చింది. కోర్టు కూడా ఫొటోలోని మనిషినే చూసింది.

అపీల్లో కొత్త సాక్ష్యం తెస్తామంటే వంద అడ్డంకులు. అందుకని పాత కాగితాలన్నీ మళ్లీ తిరగేశాను. అరెస్టు పంచనామా ఉర్దూలో ఉంది. నిజాం రాజ్యం పోయినా ఠాణాల్లో అప్పటికి ఇంకా ఆ రాతే నడుస్తోంది. ముందు వకీలు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, ఉర్దూ రాదు, ఎవరిచేతా చదివించుకోనూ లేదు. నేను ఉర్దూ బళ్లో బెత్తం దెబ్బలు తిని చదువుకున్నవాణ్ణి. కన్నం పడిన మర్నాడు పోలీసులే రాసుకున్నారు: తల నున్నగా గొరిగి ఉంది, మీసం లేదు, తండ్రి దినాలకు తీయించినట్టు ఊరి పటేలు చెప్పాడు.

కోర్టులో నేను నోరు తెరవగానే ప్రాసిక్యూటరు నా తెలంగాణ మాట తీరుకు నవ్వాడు. "మావాడు కాస్త తెలుగులో వాదిస్తే బాగుంటుంది" అన్నాడు పక్కనున్నాయనతో, నాకు వినపడేటట్టుగా.

"మీకు గావాల్సిన ముక్క తెల్గుల లేదు సార్. ఉర్దూల ఉన్నది. సదివి ఇనిపిస్త" అన్నాను. కావాలనే అలా అన్నాను.

చదివాను. జడ్జిగారికి ఉర్దూ వచ్చు. కాగితం తెప్పించుకుని తానూ చదివారు. అప్పుడు అడిగాను: ముద్దాయి ఠాణాలోనే కూర్చుని ఉన్నాడు, షావుకారు అదే ఠాణాకు వచ్చాడు, నాలుగడుగుల దూరంలో మనిషిని పెట్టుకుని అతని ఇంటి గోడ మీంచి తెచ్చిన ఫొటో ఎందుకు చూపించారు? పది ఫొటోల్లో కలపకుండా ఒక్కటే ఎందుకు చూపించారు? గుండుతో ఉన్న మనిషిని చూపిస్తే షావుకారు కాదంటాడనే భయంతో కాదా?

జడ్జిగారు ప్రాసిక్యూటరు వైపు చూశారు. ఈసారి ఆయన నవ్వలేదు. శిక్ష రద్దయింది.

నెల తర్వాత కోర్టు ఫొటో తిరిగి ఇచ్చింది. కాపరి గొంగడి భుజాన వేసుకుని నా దగ్గరకు వచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాను. కోసిన అంచును బొటనవేలితో తడిమి, తల దించుకునే అడిగాడు.

"నన్ను ఇడిపించినవ్ సారు. మా బాపు ఏడి?"

తండ్రికి అదొక్కటే ఫొటో. కోసేసిన ముక్క ఇవ్వమని ఠాణాకు దరఖాస్తు పెట్టాను. కేసుకు అవసరం లేని ముక్క గనుక పారవేయబడినది అని జవాబు వచ్చింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

మరుసటి ఏడు ఆ ఊరు వెళ్తే, అతని ఇంటి గోడ మీద ఆ ఫొటో ఉంది. కుర్చీ చెయ్యి మీది నాలుగు వేళ్లకు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. నల్లగొండ తిరిగి వచ్చిన రోజే రెండో దరఖాస్తు రాశాను. ఈసారి ముక్క ఇవ్వమని రాయలేదు, అతని తండ్రిని తిరిగి ఇవ్వమని రాశాను.