బ్రేకు ముట్టినోళ్ళే ముందు

మా ఎదురింటి ఫిట్టర్ మామ ఇక లేరు. మంగళవారం పొద్దున రాబర్ట్‌సన్‌పేటలో మా బియ్యం అంగడి షట్టర్ ఎత్తుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ కాఫీ తాగి కుర్చీలో అట్నే ఒరిగిపోయినాడక్కా" అంది. ఆ కుర్చీ నాకు బాగా తెలుసు. అందులో కూర్చునే ఆయన నాకు కారు బ్రేకుల పని నేర్పారు. ఆ రోజు ఏడ్చినంతగా నేను ఏ చావుకూ ఏడవలేదు. పదకొండో రోజుకి ఆ ఏడుపు కోపమైంది. నాలుగు మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను గానీ, కోపం దాచుకుని రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయన ఇక్కడి బంగారు గనిలో ఫిట్టరు. మనుషులను లోపలికి దించే బోను ఉంటుందే, దాన్ని ఆపే బ్రేకుల పని ఆయనది. గని మూసేశాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. నేను కొత్త కారు కొన్న ఏడాదికి, సర్వీసు నుంచి వచ్చిన మర్నాడే ఒక చక్రం కీచుమనడం మొదలైంది. తీసుకెళ్ళి చూపిస్తే "కొత్త కార్లు అట్లే ఉంటాయి మేడం" అని పంపేశారు. మామ మాత్రం కుర్చీలోంచే ఆ చప్పుడు పట్టేశారు.

"అమ్మణ్ణీ, ముందర ఎడమ చక్రం. ప్యాడు వంకరగా కూర్చోనుండాది. విప్పుతావా?"

"నేనా మామా?"

"బండి తోలేది ఎవురు? నువ్వే కదా. ఇంగ విప్పేదీ నువ్వే."

మా ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. పప్పులు తూచే చేతికి పానా ఎందుకే అని మా అన్న ఎగతాళి చేశాడు. నవ్వనిది ఆయన ఒక్కరే. అప్పటినుంచి ఆయన మాటే నాకు వేదవాక్కు.

పని ఎప్పుడూ ఆదివారం పొద్దునే. కుర్చీ రోడ్డు మీదికి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఒక్క బోల్టు కూడా ముట్టేవారు కాదు. ఉత్త జాకీని నమ్మి కారు కిందికి దూరబోతే వీధంతా వినపడేలా అరిచేవారు. పాత ప్యాడ్లు తీయించి, పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కించి, కొత్తవి పెట్టించి, ఆఖరున పెడల్ గట్టిపడేదాకా కాలితో తొక్కించేవారు. వెనక చక్రాల దగ్గర మాత్రం ఆయన చదువు చాలలేదు. ఈ కారులో హ్యాండ్‌బ్రేకుకు మీట లేదు, బటన్ ఉంది. ఫోన్‌తో నడిచే ఒక చిన్న డబ్బీని కారుకు తగిలించి, ఆ బ్రేకును వదిలించాకే ప్యాడ్లు మార్చాలి. అది నేనే నేర్చుకుని ఆయనకు చూపించాను. చెప్పులు విడిచి మరీ దగ్గరికొచ్చి చూశారు.

"ఫోను చెప్పేది ఫోను చెప్పనీ. కాలికింద పెడలు చెప్పేది నువ్విను" అన్నారు.

గనిలో వాళ్ళ షెడ్డుకు ఒక ఆచారం ఉండేదట. బ్రేకు బాగుచేసినవాడే మొదటి బోనులో దిగాలి. అతను దిగి, పైకొచ్చి, చెయ్యూపితేనే మిగతావాళ్ళు ఎక్కేది. "బ్రేకు ముట్టినోళ్ళే ముందు పోవాల అమ్మణ్ణీ. తప్పు జరిగితే జరగనీ. దాన్ని దాచిపెట్టినోడు మాత్రం ఈ పనికి పనికిరాడు" అనేవారు.

నాకూ అదే నియమం. దానికి తోడు ఇంకొకటి: పని అయ్యాక మధ్యాహ్నం దాకా బండి కదిలించకూడదు, బ్రేకు నూనెలో గాలి అణగాలి. తాళంచెవి ఆయనకిచ్చి అంగడికి పోయేదాన్ని. రెండు గంటలకు వచ్చి, ఒక్కదాన్నే మారికుప్పం స్టేషను దాకా తోలి, వెనక్కి వచ్చి చెయ్యూపేదాన్ని. ఆ చెయ్యూపడంలో నాకెంత గర్వమో! అలా రెండు గంటలకు ఎప్పుడెక్కినా డ్రైవరు సీటు వెనక్కి జరిగి ఉండేది, నా కాలికి పెడల్ అందేది కాదు. అడిగితే "ఎండకి లోపల కూర్చోనుంటినమ్మా" అనేవారు. పొడుగు మనిషి, కాళ్ళు చాపుకున్నారనుకునేదాన్ని.

పదకొండో రోజు భోజనాల దగ్గరికి బేతమంగళ రోడ్డులోని మెకానిక్ ఒకతను వచ్చాడు.

"అక్కా, ఇంగమీద మీ కారు మీరే తెస్తారా?"

"యాడికప్పా?"

"మా షెడ్డుకే. మీరు బ్రేకు చేసిన ప్రతి ఆదివారమూ మామ తెచ్చేవాడు కదా. చక్రాలు విప్పి, చూసి, మళ్ళా బిగిస్తా ఉంటిమి."

వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను. తప్పులేమైనా కనబడ్డాయా అని అడిగాను.

"ఒకేసారక్కా, రెండోతూరి తెచ్చినప్పుడు. ఎడమ చక్రం లోపల బోల్టు వదులుగా ఉండె. మామనే బిగించినాడు. అమ్మణ్ణికి చెప్పొద్దురా, తెలిస్తే ఇంగ పానా ముట్టదు అన్నాడు."

మరి నూనెలో గాలి సంగతేమిటని అడిగితే నవ్వాడు. "గాలి ఉంటే, బండి ఊరికే నిలబెడితే పోతాదా అక్కా?"

ఆ రెండోసారి నాకు బాగా గుర్తుంది. మర్నాడే మా చెల్లెలిని, నెలల బిడ్డను ఎక్కించుకుని కోలారు వెళ్ళాను. బ్రేకులు నా చేత్తో వేసినవేనని దారి పొడుగునా గొప్పలు పోయాను. ఆయన మమ్మల్ని కాపాడారు, నిజమే, దానికి దణ్ణం పెడతాను. కానీ ఆ తప్పు నాది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి ఉండాల్సింది. నవ్వినవాళ్ళు నా మొహం మీదే నవ్వారు. నవ్వని ఆయన నా చాటున చక్రాలు విప్పించి చూశారు. నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషి అని ఇన్నేళ్ళు ఎవరి గురించి చెప్పుకున్నాను నేను? దాచిపెట్టినోడు పనికిరాడన్న నోటితోనే చెప్పొద్దురా అని ఎలా అనగలిగారు? అడుగుదామంటే మనిషి లేరు.

కోపంలోనే ఇంకో సంగతి తోచింది. ఆ వదులు బోల్టుతో బేతమంగళ రోడ్డు దాకా కారు తోలింది ఆయనే. నా కంటే ముందు, ప్రతిసారీ. దాంతో కోపం తగ్గిందా అంటే లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, అంతే.

పోయిన ఆదివారం ముందు ప్యాడ్లు మార్చాను. ఎడమ చక్రం బోల్టు మూడుసార్లు చూసుకున్నాను. గాలి అణగడం వట్టి మాటేనని తెలిసీ, కారుకు తాళం వేసి అంగడికి పోయాను. రెండు గంటలకు వచ్చాను. ఎదురింటి గోడకు కుర్చీ ఆనించి ఉంది. డోర్ తీసి కూర్చుని, అలవాటుగా సీటు ముందుకు లాగబోయాను. పొద్దున నేను వదిలిన చోటే ఉంది. కాలు చాపగానే పెడల్ తగిలింది.