మరువం కోసం మూసిన కిటికీ

నా చిన్నతనంలో జడ్చర్లలో మేం కిరాయికున్న గదికి ఒక్కటే కిటికీ... దాని కింద అవ్వ మంచం. మంచం పక్కన పాత పెయింట్ డబ్బాలో మరువం మొక్క.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. బాపు మందుల కంపెనీలో, అమ్మ పత్తి మిల్లులో పని. ఆత్మకూర్ దగ్గర మా ఊళ్లో గొర్రెలన్నీ అమ్మేశాక, బాపు వాళ్లమ్మ, అంటే మా అవ్వ, మా దగ్గరికి వచ్చింది. బతుకంతా మంద పక్కన ఆరుబయట పడుకున్న మనిషి. వస్తూ వస్తూ రెండు చీరలు, ఈ మరువం కొమ్మ తెచ్చుకుంది.

ఇంటి ఓనరమ్మ మిద్దె మీద కుండీలు పెట్టనిచ్చేది కాదు, స్లాబు కురుస్తుందని. అందుకే మొక్క గదిలోనే. నెల తిరిగేసరికి ఆకులు పాలిపోయాయి. అవ్వ దాన్ని చూసినప్పుడల్లా అదే మాట...

"దీనికి ఈ జాగ పడ్తలేదు బిడ్డా. నాకు గూడ పడ్తలేదు. ఊరికి పోత."

అవ్వ పోతే నాకు ఏడుపే. బడి నుంచి వచ్చేసరికి తాళం లేని ఇల్లు, జడ విప్పి తలకు నూనె రాసే చేతులు... అప్పటికే బాగా అలవాటైపోయాయి. మొక్క బతికితే అవ్వ కూడా ఉండిపోతుందని నాకు నేనే తేల్చుకున్నా.

ఎనిమిదో తరగతిలో మా సైన్స్ సారు చెప్పాడు... మనం వదిలే కార్బన్ డయాక్సైడే మొక్కలకు తిండి అని. చక్కెర నీళ్లలో ఈస్ట్ వేసి పులియబెడితే ఆ గాలే బుడగలుగా వస్తుందని. ఎండ కూడా కావాలని చెప్పే ఉంటాడు... నేను తిండి అన్న మాట దగ్గరే ఆగిపోయా. సగం విని పరుగెత్తే గుణం నాకు ఇప్పటికీ పోలేదు.

ఈస్ట్ ఎక్కడ దొరుకుతుందో తెలీదు. కానీ పులిసేదేంటో మా ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. ఆదివారం బాపు అవ్వకు కల్లు తెచ్చేవాడు. సీసా అడుగున మిగిలిన మడ్డిని బెల్లం నీళ్లలో కలిపి, పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోశా. అంతకుముందు వానాకాలంలో అవ్వకు దమ్ము ఎక్కువై, ఊపిరాడక దవాఖానలో పెట్టినప్పుడు, ఆడుకోవడానికి దాచుకున్న సెలైన్ పైపు ఒకటి ఉంది. మూతకు బొక్క చేసి దాన్ని ఇరికించి, చుట్టూ కొవ్వొత్తి మైనం పూశా. పైపు కొస మరువం మొదట్లో.

తెల్లారేసరికి బాటిల్ నిండా నురగ... గదంతా కల్లు వాసన. అమ్మ తిట్టింది. అవ్వ మాత్రం నవ్వింది.

"చెట్టుకు గూడ కల్లు తాపుతున్నవా," అంది.

ఇంత తిప్పలపడి పుట్టించిన గాలి బయటికి పోతే ఎట్లా... కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కా.

రెండో రోజే అవ్వ అడిగింది. "గాలి ఆడ్తలేదు బిడ్డా. జర కిటికీ తియ్యరాదు."

"పది దినాలు ఆగు అవ్వా. చెట్టు తింటాంది. తీసినవంటే అంత పోతది."

"మంచిది బిడ్డా," అంది. మళ్లీ అడగలేదు.

అమ్మ, బాపు పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్లు. సాయంత్రం దోమలకు కిటికీ ఎట్లాగూ మూసేదే. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. పొద్దంతా ఆ చీకటి గదిలో అవ్వ ఒక్కతే...

మరువం కాడలు సన్నగా, పొడుగ్గా సాగాయి. పెరుగుతోందని సంబరపడ్డా. వెలుతురు దొరక్క మొక్క అట్లా సాగుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివా.

తొమ్మిదో రోజు బడి నుంచి వస్తే తలుపుకు తాళం. అవ్వకు దమ్ము వచ్చిందని, బాపు దవాఖానకు తీసుకపోయాడని ఓనరమ్మ చెప్పింది. అక్కడ చేర్చిన మూడో రోజు అవ్వ చనిపోయింది. దవాఖాన నుంచి నేరుగా ఊరికే తీసుకుపోయారు. పోత పోత అన్న మనిషి అట్లా పోయింది.

తిరిగొచ్చాక ఎవరూ చూడకుండా బాటిల్ మోరీలో పారబోశా. మరువం అప్పటికే ఎండిపోయింది. నా గాలే అవ్వను చంపిందని ఏళ్లకేళ్లు లోలోపల కుమిలిపోయా. డిగ్రీలో ధైర్యం చేసి మేడంను అడిగితే, ఒక్క బాటిల్‌తో వచ్చే గాలికి మనిషికేం కాదంది. ఆ రోజు హాస్టల్ బాత్రూంలో చాలాసేపు ఏడ్చా. మరి మూసిన కిటికీ సంగతి? అది అడగడానికి నోరు రాలేదు.

పోయిన నెల ఫోన్లో ఒక వీడియో... ఎవరో తమ ఫ్లాటులో మొక్కలకు చక్కెర, ఈస్ట్‌తో ఇదే పని చేస్తున్నారు. పక్కనే బాపు కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్లకు అంతా చెప్పేశా.

బాపు నా చేతిలోని ఫోన్ తీసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు...

"నాకు ఎర్కే. ఒకనాడు పగటిపూట ఇంటికొచ్చిన. ఉక్కపోస్తాంటే కిటికీ తియ్యబోయిన. తియ్యకురా, పిల్ల వచ్చి చూస్తే ఏడుస్తది అన్నది మీ అవ్వ. ఇసనకర్ర ఊపుకుంట గట్లనే కూసున్నది."

ఆ కిటికీ గొళ్లెం అవ్వకు మంచం మీది నుంచే అందేది. నేను బడిలో ఉన్నంతసేపు తీసుకుని, వచ్చే వేళకు మూసేసినా నాకు తెలిసేదే కాదు...

ఇప్పుడు మా ఇంట్లో గదికో కిటికీ ఉంది. ఇంట్లో ఒకరి మాట ఒకరు వినడమే తక్కువైంది. చిన్నప్పుడు మీ మొండితనాన్ని నోరు మెదపకుండా భరించినవాళ్లు మీకూ ఉండే ఉంటారు. వాళ్లింకా ఉంటే, అప్పుడు ఏం ఓర్చుకున్నారో ఒకసారి అడిగి ఇక్కడ రాయండి... నాకైతే అడగడానికి మనిషి లేదు.