ఎర్రచుక్కకు కోడు లేదు

ఆసుపత్రి రికార్డు గదిలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను అందరూ ఫైళ్ళక్క అనేవారు. ఒక డాక్టరు ఉబ్బసం అని రాస్తాడు, ఇంకొకాయన ఆస్తమా అంటాడు, మూడో ఆయన "మళ్ళీ అదే" అని గీకి ఊరుకుంటాడు. మూడూ ఒకటేనని చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఏ ఊరి ఆసుపత్రిలో తెరిచినా ఒకేలా అర్థం కావాలని ప్రతి జబ్బుకూ, ప్రతి మందుకూ ఒకే పేరు, ఒకే కోడు పెట్టారు. పాత ఫైళ్ళను ఆ కోడులతో కంప్యూటరులోకి ఎక్కించే పని ఆమెకే అప్పగించారు.

"అక్కా, నీ బుర్రకే ఒక వైరు తగిలిస్తే పోయేదిగా!" అనేవాడు కంప్యూటర్లు చూసే అతను. ఆమె పొంగిపోయేది.

పిల్లల డాక్టరుకు ఒక అలవాటు. బిడ్డ ఒంటికి సరిపడని మందు పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టేవాడు, అంతే. అక్కడ ఆ సంగతి తెలియని నర్సు లేదు. కంప్యూటరు జాబితాలో మాత్రం చుక్కకు కోడు లేదు. అడుగుదామనుకుంది. ఆ రోజు ఇంకా డెబ్బై ఫైళ్ళున్నాయి. మందు పేరు ఎక్కించి చుక్క వదిలేసింది. మర్నాటి నుంచి అడగాలని కూడా అనిపించలేదు.

నెల తిరక్కుండా ఒక తండ్రి వచ్చాడు. పక్క ఊళ్ళో జ్వరమొస్తే ఆరేళ్ళ కూతురికి ఒంటికి సరిపడని మందే ఇంజెక్షనుగా ఇచ్చారట. ముఖం వాచి, ఊపిరందక, రెండు రోజులకు తేరుకుందట.

"ఇదివరకు వాడిన మందేనని మీ రికార్డులోనే ఉందన్నారు."

"కొత్త సాఫ్ట్‌వేర్ కదండీ, ఒక్కోసారి..." అన్నాడు కంప్యూటర్లు చూసే అతను, ఆమె వైపు చూడకుండా.

ఆమె నోరు మూసుకుంటే చాలు, అక్కడితో అయిపోయేది.

"సాఫ్ట్‌వేర్ కాదు బాబూ. ఆ మందు పడదని డాక్టరు పెట్టిన ఎర్రచుక్కను నేనే వదిలేశాను."

"చూడలేదా?"

"చూశాను."

ఆ తండ్రి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఇంకెంతమంది పిల్లలున్నారమ్మా అలా?"

ఆమెకు తెలియదు. ఎవరి రాత అయినా గుర్తుపట్టే మనిషికి అది తెలియదు.

ఆ మధ్యాహ్నమే పిల్లల ఫైళ్ళన్నీ బల్ల మీదకు దించింది. మొదటి ఇంటికి ఫోను చేసింది. ఎవరో తల్లి ఎత్తింది, వెనక బిడ్డ అల్లరి వినిపిస్తోంది.

"ఆసుపత్రి నుంచమ్మా. మీ పాప రికార్డులో నేనొక తప్పు చేశాను," అంది. అవతల బిడ్డను అల్లరి ఆపమని కసిరిన తల్లి, "ఏం తప్పు?" అంది.