అమ్మ కలుపు తీసిన తోట

నాకు తోట వచ్చిందండీ! అంటే కొనుక్కున్నది కాదు, మంగళగిరిలో కడుతున్న ఓ పెద్ద ఆఫీసు ముందు తోటకి నేను గీసిన ప్లానే ఖాయమైంది. కింద పేరు కూడా నాదే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కదా, ఆ పేరు చూసుకుని మెట్ల మీదే రెండుసార్లు ఎగిరాను. (వాచ్‌మన్ చూశాడు. చూడనీండి.)

ఈ తోటలు గీసే ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే మూడో నెలలో, తోటల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. నాకు అప్పజెప్పింది గుంటూరులో ఒక డాక్టరు గారి ఇంటి పెరడు. మార్టూరు నుంచి నల్ల గ్రానైటు పలకలు తెప్పించి, గీత గీసినట్టు అంచులు కోయించి పరిచాం. వాటి మధ్య ఖాళీల్లో మాత్రం పొలం గట్టు మీద పెరిగినట్టు గునుగు, తుమ్మి, సన్న గడ్డి ఇష్టమొచ్చినట్టు పెరగాలి. రాయి ఎంత బిగుసుకుని ఉంటే గడ్డి అంత విచ్చలవిడిగా కనిపించాలి, అదీ అందం. ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారు చూసి సరేనంటేనే నా ఉద్యోగం పర్మనెంటని మా టేపు సార్ (ఎప్పుడూ జేబులో కొలత టేపుతో తిరిగే మా ఆఫీసు పెద్దాయన) మొహం మీదే చెప్పేశారు.

చర్చి అయ్యాక అమ్మ క్యారేజీతో నేరుగా అక్కడికే బస్సులో వచ్చింది, కూతురి పని చూద్దామని. ఆమెను నీడన కూర్చోబెట్టి నీళ్ళ పైపు కోసం బజారుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి, మధ్యలో గడ్డిపోచ లేదు. గోడ పక్కన ఓ పచ్చటి కుప్ప, దాని పక్కన చెమట తుడుచుకుంటూ అమ్మ.

"ఏందమ్మా ఇది!"

"ఏందంటావేందే? ఇంత కలుపు పెట్టుకుని కూర్చున్నావు, వచ్చేవాళ్ళు నవ్వరూ? మిరప చేలో ఇట్టా ఉంటే మేస్త్రి నన్ను గట్టెక్కనిచ్చేవాడా?"

"అదే తోటమ్మా! నేనే నాటించా!"

అమ్మ కుప్ప వంక చూసింది, నా వంక చూసింది. "గునుగుని నాటించావా? దీనికా నాలుగేళ్ళు చదివింది?"

నేను రాతి మీద కూలబడి ఏడుపందుకున్నాను. అమ్మ కొంగు బిగించింది. "వేర్లతో సహానే పీకాన్లే, చావవు. నీళ్ళు పట్టు." మిరప నారు నాటిన చేతులు కదా, గంటన్నరలో అన్నీ మళ్ళీ నేలలో ఉన్నాయి. హమ్మయ్య అని చూద్దును కదా, జానకొకటి, సాళ్ళు సాళ్ళుగా! గునుగు కవాతు చేస్తోంది.

"వంకరగా నాటమ్మా!"

"ముప్పై ఏళ్ళు సాలు తప్పకుండా నాటానే. ఇప్పుడు వంకరంటే చెయ్యి తిరగద్దూ?"

చివరికి కళ్ళు మూసుకుని నాటమన్నాను. (మధ్యలో ఒక కన్ను తెరిచి సర్దబోతే పట్టుకున్నాను.) నాలుగింటికి డాక్టరు గారూ సారూ వచ్చేసరికి ఒక మూల సాలు ఇంకా తిన్నగానే ఉంది. టేపు సార్ టేపు తీసి, ఏది కొలవాలో తెలియక జేబులో పెట్టేసుకున్నారు. డాక్టరు గారు కాస్త తలలు వాల్చిన ఆ గడ్డి ముందు వంగి, ఒక పోచని వేలితో లేపి, "అచ్చం మా చేను గట్టులా ఉందమ్మా" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది.

అన్నీ తెలుసనుకుని రాతి మీద కూర్చుని ఏడ్చిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. ఇవాళ ఖాయమైన ప్లానులోనూ అడవిలా పెరిగే గడ్డి మధ్య ఒక్క సాలు తిన్నగా ఉంది. ఎందుకని టేపు సార్ అడిగితే, "అది అమ్మ సాలు సార్, ఉండనీండి" అన్నాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళున్నారు. మార్టూరులో రాళ్ళకి పాలిష్ పట్టే మామయ్య, పరీక్షలప్పుడల్లా ప్రార్థన చేసిన పాస్టరమ్మ గారు, అద్దంకిలో మా సైన్సు టీచరు గారు, అమ్మతో కలుపుకెళ్ళే పిన్ని. ఆఖర్న అమ్మ. ముందే చెబితే ఇవాళే బస్సెక్కేస్తుంది, చేతిలో కలుపు తీసే తొలికతో.